వాలు వ్రాత – గొలుసుకట్టు: తెలుగు అలంకారాక్షరములను గూర్చి ఒక విచారణ

తిరుపతిలోగాని చిత్తూరులోగాని అచ్చయిన పెండ్లి శుభలేఖ నొకదానిని చేతబట్టి చూచినచో, పసుపు పూసిన మూలల నడుమ ఒక ప్రక్క తెలుగును, మఱియొక ప్రక్క ఆంగ్లమును కనబడును. తమిళదేశపు సరిహద్దునకు దగ్గఱనున్న ఊళ్లలో మూడవదిగా తమిళము కూడ చేరుట కద్దు. ఆంగ్లభాగము తఱచుగా వంపులు తిరిగిన వాలు అక్షరములలో, ఇటాలిక్కు అను జాతికి చెందిన అక్షరములలో, ఉండును. దానికి జోడుగా నుండవలెనను కోరికతో తెలుగు అక్షరములను గూడ కంప్యూటరులోని మీట నొక్కి కుడివైపునకు వంచుట ఈ కాలమున పరిపాటియైనది. ఆంగ్లమునకు సొగసైన వాలు తెలుగున కేల వికారమైనది? తెలుగునకు తనదైన వాలు వ్రాత లేదా? లేక ఉండియు మనము మఱచితిమా? ఈ ప్రశ్నలు అచ్చుకూటమువారికి మాత్రమే సంబంధించినవని తలపరాదు. లిపిచరిత్రతోడను, వ్రాతప్రతుల పఠనముతోడను ఇవి ముడివడియున్నవి.

ఇటాలిక్కు స్వభావము

ఇటాలిక్కు అనగా వాలు అని మనలో పలువురు భావించుచున్నారు. చరిత్రను పరిశీలించినచో ఈ భావము నిలువదు. 15వ శతాబ్ది ఆరంభమున ఫ్లారెన్సు నగరమున నికోలో నికోలి మొదలగు విద్వాంసులు ప్రాచీన గ్రంథములకు ప్రతులు వ్రాసికొనుటలో చేతికి వేగము నిచ్చు ఒక వ్రాతను అలవరచుకొనిరి. కలమును మాటిమాటికి ఎత్తకుండుట, అక్షరములను సన్నగించి దగ్గఱగా చేర్చుట దాని లక్షణములు. పోపుగారి కార్యాలయమునందలి లేఖకులు ఆ వ్రాతను అధికారపత్రములకు వాడి దానికి గౌరవము కల్పించిరి. 1501లో వెనిస్ నగరమున ఆల్డస్ మనూషియస్ వర్జిల్ కావ్యములను చేతిలో ఇముడు చిన్న పుస్తకముగా అచ్చువేయుచు, ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన అక్షరములతో ఆ వ్రాతను ముద్రణమునందు ప్రవేశపెట్టెను. 1522లో రోమునందు లుడొవికో అర్రిగి 'లా ఒపెరినా' అను చిన్న పుస్తకమున ఈ వ్రాతను నేర్చుకొను విధమును బోధించెను. 1979లో హెర్మన్ జాఫ్ రూపొందించిన 'జాఫ్ చాన్సరీ'యు, ఆ పిమ్మట వచ్చిన 'మోనోటైప్ కోర్సివా'యు ఈ వంశమునకు చెందినవే. మన శుభలేఖల ఆంగ్లభాగమునకు అందము తెచ్చినది ఈ వంశమే.

ఇచ్చట రెండు విషయములు గమనింపదగియున్నవి. మొదటిది: ఆల్డస్ అచ్చువేసిన తొలి ఇటాలిక్కునందు పెద్దక్షరములు వాలియుండలేదు, నిలువుగానే యుండెను. వాలు లేకున్నను అది ఇటాలిక్కే. రెండవది: ఇటాలిక్కునందు అక్షరముల రూపమే మాఱును. నిలువు అక్షరములలో రెండంతస్తులుగా నుండు చిన్న 'ఏ' అక్షరము ఇటాలిక్కున ఒక్క అంతస్తుగా మాఱుటయే ఇందులకు సాక్ష్యము. కావున వేగము కారణము, రూపభేదము కార్యము; వాలు ఆ కార్యములో ఒక భాగము మాత్రమే. కారణమును విడిచి ఆ ఒక్క భాగమును మాత్రము గ్రహించుట అనుకరణ మగునుగాని సంప్రదాయము కాదు.

యాంత్రికమైన వంపు

తెలుగు అక్షరమును యంత్రము వంచునపుడు జరుగునది ఏమి? అక్షరముయొక్క అడుగు నిలిచియుండగా పైభాగము కుడికి జరుగును. గీతకు దిగువనున్న భాగము ఎడమకు జరుగును. రోమను లిపికి దీనివలన గొప్ప హాని లేదు. అందలి అక్షరములు చాలవఱకు ఒకే వరుసలో నడచును. నిలువు గీతలే వానికి ప్రాణము. నిలువు గీత వాలినపుడు ఆ వాలు కంటికి స్పష్టముగా తెలియును. తెలుగు లిపి అట్టిది కాదు. ఇది మూడంతస్తుల లిపి. నడుమ అక్షరము, పైన తలకట్టు గుడి మొదలగునవి, క్రింద ఒత్తులు. యంత్రము వంచినపుడు గుడి తన అక్షరమును వీడి తరువాతి అక్షరముపైకి ఒరగును; ఒత్తు తనకు ముందున్న అక్షరము క్రిందికి చొచ్చును. శుభలేఖ మొదట ఉండు 'శ్రీరస్తు' అను మాటనే పరిశీలింపుడు. 'శ్రీ'లో గుడిదీర్ఘము పైన నున్నది; క్రావడి ఎడమనుండి క్రిందుగా చుట్టి వచ్చును. వంచినంతనే పైది కుడికి, క్రిందిది ఎడమకు లాగబడి అక్షరము రెండు వైపులకు సాగిపోవును. మంగళవాచకమైన తొలి అక్షరమే ఇట్లు అతుకు విడిచినట్లగును.

ఇక తలకట్టు. ఇది తెలుగు లిపికి ముఖముపై తిలకము వంటిది. ఎడమనుండి చిన్నగా దిగి, కుడివైపునకు పొడవుగా ఎగయు గీత ఇది. స్వభావముచేతనే ఇది కుడికి వాలియున్నది. వాలియున్నదానిని మరల వంచినచో ఎగయవలసిన గీత పండుకొనును. దిగవలసిన గీత నిట్రముగా నిలుచును. అనగా యంత్రము తెలుగు అక్షరమున నున్న సహజమైన వాలునే చెఱచుచున్నది. సున్న, ఠకారము, రకారము వంటి వర్తులాక్షరములు గ్రుడ్డు ఆకారము దాల్చును. గీతయొక్క మందము ఒకచోట పెరిగి, ఒకచోట తరుగును. కలమువలన ఏర్పడిన మందమునకు ఒక న్యాయమున్నది. ఇట్లేర్పడినదానికి ఏ న్యాయమును లేదు.

వర్తులత్వము – దాని కారణములు

తెలుగు అక్షరములు గుండ్రముగా నుండుటకు తాటాకే కారణమని సామాన్యముగా చెప్పుదురు. గంటముతో అడ్డగీత గీచినచో ఆకు ఈనెవెంబడి చీలుననియు, అందుచేత లేఖకులు వంపులను ఆశ్రయించిరనియు వారి వాదము. ఇందు కొంత సత్యము లేకపోలేదు. కాని చిత్తూరు సీమవారికి కన్నులయెదుటనే ఒక ప్రత్యుదాహరణ మున్నది. తమిళులును తాటాకుపైననే, గంటముతోనే వ్రాసిరి. అయినను తమిళలిపి తన నిలువు గీతలను, అడ్డగీతలను పోగొట్టుకొనలేదు. కావున సాధన మొక్కటియే రూపమును నిర్ణయింపదు; లేఖకుల అభిరుచియు దానిలో పాలుపంచుకొనును.

ఈ సంగతికి తిరుమల సంకీర్తన భాండారమునందలి తాళ్లపాకవారి రాగిరేకులు బలమైన సాక్ష్యము. అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలును, ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యులు మొదలగువారి రచనలును రాగిరేకులపై చెక్కించుట 16వ శతాబ్దిలో జరిగినది. రాగికి ఈనె లేదు. అడ్డగీత గీచినను చీలదు. అయినను ఆ రేకులపై తెలుగు తన వంపులను విడువలేదు. లోహముపైకి వచ్చునప్పటికే వర్తులత్వము అవసరమును దాటి స్వభావమైనదని దీనివలన తెలియుచున్నది. ఈ రేకుల పాఠమును వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు పండితులు లోకమునకు అందించి మహోపకారము చేసిరి. వారు సాహిత్యమును, సంగీతమును దృష్టియందుంచుకొనిరి. అక్షరశిల్పమును దృష్టియందుంచుకొని అవే రేకులను మరల చదువవలసిన పని మన తరమువారిది.

అచ్చుకూటము చేసిన ఎంపిక

తెలుగు ముద్రణము 1746లో జర్మనీదేశమున హాలే నగరమందు బెంజమిన్ షుల్జ్ కృషివలన ఆరంభమైనది. 1814లో శ్రీరామపురమునుండి కేరీ వ్యాకరణమును, 1816లో మద్రాసునుండి క్యాంప్‌బెల్ వ్యాకరణమును వెలువడినవి. 1854లో స్థాపితమైన వావిళ్లవారి ముద్రాలయము మన ప్రాచీనకావ్యములను ఇంటింటికి చేర్చినది. ఈ సుదీర్ఘకాలమున స్థిరపడినది నిలువు అక్షరము. అది గ్రంథలిపినుండి, అనగా పండితులు నెమ్మదిగా, విడివిడిగా వ్రాసిన అక్షరమునుండి వచ్చినది.

సీసపు అచ్చులకాలమున దీనికి బలమైన కారణమున్నది. గుణింతములకును, ఒత్తులకును వందలకొలది అచ్చులు పోతపోయవలసియుండగా, అలంకారమునకై మఱియొక సంపూర్ణమైన జత సిద్ధపఱచుట ఏ ముద్రాలయమునకైనను భారమే. అందుచేత ఆంగ్లమున ఇటాలిక్కు చేయు పనులను తెలుగున ఉద్ధరణచిహ్నములకును, లావు అక్షరములకును అప్పగించిరి. గ్రంథనామము చుట్టు మనము ఉద్ధరణచిహ్నము లుంచుట ఈ ఏర్పాటు ఫలితమే. దానివలన పఠనమునకు లోటు కలుగలేదు. లోటు కలిగినది అలంకారమునకు.

గొలుసుకట్టు వ్రాత

ఇటాలిక్కు మూలము శీఘ్రలేఖనమని పైన నిరూపించితిమి. అట్లయినచో తెలుగున శీఘ్రలేఖన మేది? అది గొలుసుకట్టు. గ్రామకరణములు లెక్కలను, దస్తావేజులను, ఉత్తరములను ఈ వ్రాతలో వ్రాసిరి. కలము నెత్తక, ఒక అక్షరపు తుదిని తరువాతి అక్షరపు మొదటితో చేర్చి, గొలుసు కడియములవలె మాటలను అల్లుకొనిపోవుటచేత దానికా పేరు వచ్చినది. మాటకును మాటకును నడుమ ఎడముండదు. తలకట్టు అక్షరముపై విడిగా పెట్టబడక, అక్షరము చుట్టి వచ్చిన చేతివిసురులోనే పుట్టును. అక్షరములు గ్రంథలిపిలో కంటె వేఱు రూపము దాల్చును. కలము నెత్తకుండుట, అక్షరముల నొకదానితో నొకటి చేర్చుట, రూపము మాఱుట: ఇటాలిక్కునకు చెప్పిన లక్షణములన్నియు ఇచ్చట నున్నవి. కల్నల్ మెకంజీ (1754–1821) కొఱకు సేకరింపబడిన కైఫీయతులకు ఆధారమైన గ్రామలెక్కలు ఈ కరణముల చేతివ్రాతలే.

అయినను ఈ రెండింటి భాగ్యములు వేఱు. ఇటలీలోని శీఘ్రలేఖనము విద్వాంసుల చేతినుండి పోపుగారి కార్యాలయమునకు, అచ్చటినుండి అచ్చుకూటమునకు ఎక్కినది. తెలుగునాటి శీఘ్రలేఖనము కరణముగారి కవిలెకట్టలోనే నిలిచిపోయినది. పండితుడు దానిని లెక్కలవ్రాత యనెను. అచ్చుకూటము దానిని అపభ్రంశమనెను. రైతు దానిని తనకు తెలియనీయని వ్రాత యని అనుమానించెను. మూడవ ఆక్షేపణలో న్యాయము లేకపోలేదు. చదువ వచ్చినవాడు ఊరికొక్కడైనపుడు వ్రాత అధికారమగును. ఆంధ్రప్రదేశమున 1984లో కరణముల పదవులు రద్దగుటతో ఆ అధికారము పోయినది. దానితోపాటు వ్రాతయు మాయమగుచున్నది. అధికారము పోవుట మేలు. వ్రాతను చదువగలవారు లేకపోవుట కీడు. పాత దస్తావేజులను చదివింపవలసి వచ్చినపుడు ముసలివారిని వెదకుకొని పోవలసిన స్థితి ఏర్పడినది.

కాళహస్తి కలము

గంటము, కరణముగారి కలము అను రెండింటికి తోడు ఈ సీమకు మూడవ సాధనము కలదు. అది శ్రీకాళహస్తి కలంకారీ పనివాని కలము. వెదురుపుల్లను మొనదేల్చి, మొనకు కొంచెము పైగా ఉన్నినిగాని గుడ్డనుగాని చుట్టి దారముతో బిగింతురు. ఆ చుట్ట రంగును పీల్చుకొనును. వ్రేళ్లతో నొక్కినకొలది రంగు మొనకు దిగును. ఇనుపముక్కలను బెల్లపునీట నానబెట్టి తీసిన నల్లని ద్రవముతో, కరక్కాయయు పాలును పట్టించిన బట్టపై గీతలు గీతురు. పురాణకథలను చిత్రించిన పెద్దబట్టలలో బొమ్మలవరుసల నడుమ తెలుగు అక్షరములతో కథను వ్రాయుట ఇచ్చటి సంప్రదాయము. 1957లో శ్రీకాళహస్తియందు శిక్షణకేంద్రము నెలకొల్పబడుటచేత ఈ విద్య నిలిచినది. జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించుట దీనికి జరిగిన గౌరవము.

అక్షరశిల్పదృష్టితో ఈ కలమున ఒక విశేషమున్నది. కరక్కాయ పట్టిన బట్టపై పడిన నల్లగీతను చెఱపుటకు వీలులేదు. సందేహించి ఆగినచోట రంగు ముద్దకట్టును. కావున చేయి తడబడక సాగవలెను. గంటము ఆకును గీరును గనుక దాని గీత అంతటను ఒకే మందము. ఈ కలపు గీత వ్రేళ్ల నొక్కుడుననుసరించి లావును సన్నమును అగును. అలంకారలిపికి కావలసినది ఈ లావుసన్నముల లయయే. ఆంగ్లపు ఇటాలిక్కునుండి మనము ఎరువు తెచ్చుకొనుచున్న గుణము ఇంటనే యున్నదన్నమాట.

నేటి ప్రయత్నములు

కంప్యూటరు వచ్చినపిమ్మట అచ్చురూపములకు 'ఖతులు' అను పేరు వాడుకయైనది. అలంకారఖతులలో ఎక్కువగా ప్రజాదరము పొందినవి బాపు (1933–2014) దస్తూరి ననుసరించి వచ్చినవి. ఆయన పుస్తకముల ముఖపత్రములకు స్వయముగా అక్షరములు వ్రాసి, తెలుగు మాటకు ఒక హావభావము కల్పించెను. తలకట్టును విసరుటలోను, ఒత్తును మలచుటలోను ఆయనది ఒక చిత్రకారుని స్వాతంత్ర్యము. తెలుగునకు ఇటాలిక్కుతో తులతూగు అలంకారలిపి సాధ్యమని మొదట కంటికి చూపినవాడు బాపు అనుటలో సాహసము లేదు.

ఖతిగా మాఱినపుడు ఆ దస్తూరి కొంత నష్టపడినది. చేతితో వ్రాసినపుడు ఒకే 'క' రెండుచోట్ల రెండు విధములుగా నుండవచ్చును. ప్రక్కనున్న అక్షరమును చూచి చేయి సర్దుకొనును. ఖతిలో ఆ 'క' ఒక్క రూపమున బిగిసికొనును. అందుచేత మాట మొత్తము చూచినపుడు అక్షరములు పొరుగువారివలె కాక పరిచయములేని ప్రయాణికులవలె నిలుచుండును. ఇది చిత్రకారుని దోషము కాదు. ఒక చేతివ్రాతను లిపిసంప్రదాయముగా భ్రమించిన మన దోషము. ఒక వ్యక్తి దస్తూరి ఎంత సుందరమైనను, ఊరూరి శుభలేఖలన్నియు దానినే ధరించినపుడు అది ఏకరూపవస్త్ర మగును.

2013లో సిలికానాంధ్రవారు పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ మొదలగు కవుల పేర్లతో ఖతులను ఎవరైనను వెలలేకుండ వాడుకొనునట్లు వెలువరించిరి. ఈ ఔదార్యము కొనియాడదగినది. కాళహస్తీశ్వరుని కొలిచిన కవి పేరు అచ్చురూపమునకు పెట్టుట ఈ సీమవారికి సంతోషకరము. కాని నామకరణము సంప్రదాయమును తేజాలదు. ధూర్జటి యను పేరు పెట్టుకొను ఖతి కాళహస్తి కలపు వంపులనుండి పుట్టునాడు పేరును రూపమును ఏకమగును.

మఱియొక ప్రయత్నము విదేశములనుండి వచ్చినది. హార్వర్డు విశ్వవిద్యాలయమువారు 2015లో ఆరంభించిన మూర్తి ప్రాచీనభారతగ్రంథమాలలో పెద్దన మనుచరిత్రము మూలముతోడను ఆంగ్లానువాదముతోడను వెలువడినది. ఆ మాలకై జాన్ హడ్సన్, ఫియోనా రాస్ అనువారు చేసిన అక్షరరచన వెనుకనుండగా 'టైరో తెలుగు' అను ఖతి పిమ్మట అందఱికి అందినది. అందు నిలువు, వాలు అను రెండు రూపములు కలవు. వాలును మీటకు విడిచిపెట్టక ఖతిలో ఒక రూపముగా అంగీకరించుట ఇందలి మెచ్చదగిన సంగతి. కాని ఈ అంగీకారము గ్రంథముద్రణావసరమునుండి వచ్చినది. శుభలేఖకు, బిరుదుపత్రమునకు, ముఖపత్రమునకు కావలసిన అలంకారము ఇంకను మిగిలియేయున్నది.

ఆక్షేపణలు – సమాధానములు

గొలుసుకట్టు చదువరాదు గదా, దానిని అచ్చునకు ఎక్కించుట వెనుకకు నడచుట కాదా యని అడుగవచ్చును. ఇటాలిక్కుతో గ్రంథమంతయు అచ్చువేయు కాలము పాశ్చాత్యులకును గడచిపోయినది. అది నేడు విశేషస్థానములకు మాత్రమే పరిమితమైనది. అట్లే గొలుసుకట్టునుండి పుట్టు లిపియు వధూవరుల పేర్లకు, గ్రంథశీర్షికలకు, విశ్వవిద్యాలయ పట్టములపై పేర్లకు చాలును. పైగా ఉన్నదున్నట్లు దింపుకొనుట నా అభిమతము కాదు. ఎడములేని వ్రాతను ఎడముంచి వ్రాయవచ్చును. గుర్తింపరాని రూపములను విడిచి, గుర్తింపదగినవానిని గ్రహింపవచ్చును. నికోలి వ్రాతను అచ్చుకూటము కూడ అట్లే సవరించుకొనినది.

అక్షరములు ఒకదానితో నొకటి కలియునట్టి వ్రాతను యంత్రము పట్టుకొనలేదను రెండవ ఆక్షేపణకు ఉర్దూ సమాధానము చెప్పుచున్నది. ఉర్దూవారి నస్తాలీఖు వ్రాత వాలుగా జాఱుచు, ప్రక్క అక్షరమునుబట్టి రూపము మార్చుకొనునట్టిది. 1927లో స్థాపితమైన చెన్నపట్టణపు 'ముసల్మాన్' దినపత్రికను కాతిబులు చేతితోనే వ్రాసి అచ్చునకిచ్చుట ప్రసిద్ధము. అట్టి వ్రాతయు 1981లో 'నూరీ నస్తాలీఖు'గా యంత్రమున కెక్కినది. ప్రక్కనున్న అక్షరమునుబట్టి రూపమును ఎంచుకొను శక్తి నేటి ఖతులకు సామాన్యమైనది. కావున తెలుగునకు కొఱత యంత్రమున లేదు. ఆధారసామగ్రిని కూర్చుటలో నున్నది.

ఉపసంహారము

పై విచారణమువలన తేలిన సారమిది. ఇటాలిక్కు అందము వాలులో లేదు. వేగముగా, విశ్వాసముతో సాగిన చేతిలో నున్నది. యంత్రము వంచిన తెలుగు అక్షరమున ఆ చేయి లేదు. పైగా తలకట్టునకు సహజమైన వాలును, ఒత్తుల అమరికను అది చెఱచుచున్నది. తెలుగునకు అట్టి చేయి గొలుసుకట్టులోను, కాళహస్తి కలములోను ఉన్నది. రాగిరేకుల అక్షరశిల్పము దానికి నిండుదనము నీయగలదు. బాపు దస్తూరి ఆ మార్గమున ఒక మహనీయమైన మజిలీ, గమ్యము కాదు.

ఇందు పరిశోధకవిద్యార్థులు చేయదగిన పని చాల కలదు. ఈ జిల్లాల ఇండ్లలో అటుకలపైనను, పెట్టెలలోను కరణముల వ్రాతలు ఇంకను మిగిలియున్నవి. ఒక్కొక్క అక్షరము ఎన్ని రూపములుగా వ్రాయబడినదో, ఏ అక్షరము ప్రక్కన ఏ రూపము వచ్చినదో పట్టికలుగా కూర్చినచో, ఆ పట్టిక పాత దస్తావేజులను చదువుటకు తాళపుచెవి యగును. క్రొత్త అలంకారలిపిని రచించుటకు మాతృక యగును. ఒక్క శ్రమతో రెండు ఫలములు. కాని ఆ వ్రాతను తడుముకొనకుండ చదువగల పెద్దలు నానాటికి తగ్గిపోవుచున్నారు. వారి చెంత కూర్చుండి వ్రాసికొనుటకు మిగిలిన గడువు కొద్దియే. ఆ పని ముగియువఱకు తిరుమలేశునకు పంపు తొలి శుభలేఖపై 'శ్రీ'కారము నిలువుగా, తన సహజరూపముననే యుండుట మేలు. వంచినందువలన వచ్చు అందముకంటె, వంచకుండుటవలన నిలుచు మర్యాద గొప్పది.